భారతదేశంలో సరుకు రవాణా, గిడ్డంగులు

భారతదేశంలో ఊరి నుంచి ఊరికి కదిలే సరుకులో మూడింట రెండు వంతుల పైచిలుకు లారీల మీదే వెళ్తుంది. నాలుగో వంతుకు కాస్త ఎక్కువ రైలెక్కుతుంది. తీర నౌకలు, కాలువలు, గొట్టపు మార్గాలు, విమానాలు మిగిలిన కొంచెం పంచుకుంటాయి. 1950ల మొదట్లో ఈ లెక్క తిరగబడి ఉండేది. అప్పుడు రైళ్లే 85 శాతానికి పైగా మోసేవి, లారీ అంటే స్టేషను నుంచి బజారుదాకా తిరిగే బండి. డెబ్బయ్యేళ్లలో రోడ్డు గెలిచింది.

ఈ పరిశ్రమకు ఒక విచిత్రమైన రూపం ఉంది. సరుకు పంపేవాళ్లు పెద్దవాళ్లు: సిమెంటు, ఉక్కు, ఎరువుల కంపెనీలు, ఆహార సంస్థలు, ఆన్‌లైన్ అంగళ్లు. మోసేవాళ్లు చిన్నవాళ్లు: దేశంలోని లారీల్లో సుమారు నాలుగింట మూడు వంతులు అయిదుకు మించి బండ్లు లేని యజమానులవే. వీళ్లలో చాలామంది ఒకప్పటి డ్రైవర్లు, ఫైనాన్సులో బండి తీసుకుని కిస్తీలు కడుతున్నవాళ్లు. ఈ ఇద్దరి మధ్య ట్రాన్స్‌పోర్టు ఆఫీసు, దాని వెనక బ్రోకరు ఉంటారు. గత పదేళ్ల సంస్కరణలు రోడ్లను వెడల్పు చేశాయి, పన్నుల గొడవ తగ్గించాయి, గోదాముల ఎత్తు పెంచాయి. సరుకు ఎక్కడైనా ఆగిపోతే ఆ ఆగిన కాలం ఖరీదు ఎవరు కట్టాలన్నది మాత్రం పాత పద్ధతిలోనే తేలుతోంది. కింద చెప్పే విషయాలన్నిటిలోనూ ఈ లెక్క ఎక్కడో ఒకచోట తగులుతుంది.

చెక్‌పోస్టు కాలం, ఆ తర్వాత

2017 జూలై 1న జీఎస్టీ వచ్చేవరకు గోదాము ఎక్కడ కట్టాలో పన్నుల చట్టమే నిర్ణయించేది. ఒక రాష్ట్రం నుంచి మరో రాష్ట్రంలోని కొనుగోలుదారుకు నేరుగా అమ్మితే కేంద్ర అమ్మకం పన్ను పడేది. అదే కంపెనీ తన సరుకును పక్క రాష్ట్రంలోని తన సొంత గోదాముకు పంపి, అక్కడి నుంచి అమ్మితే అది పడేది కాదు. అందుకని సబ్బులు చేసే కంపెనీ అయినా, టైర్లు చేసే కంపెనీ అయినా రాష్ట్రానికొక చిన్న గోదాము పెట్టుకునేది. అవసరమున్నా లేకున్నా, సరుకు చాలినా చాలకున్నా పెట్టుకునేది. రేకుల కప్పు, మట్టి నేల, ఒక గుమాస్తా, ఒక తాళం. దేశంలో గోదాము అనగానే చాలాకాలం గుర్తుకొచ్చింది ఇదే.

ముంబయి పక్కన భివండీ పుట్టుక కూడా పన్ను కథే. ముంబయి నగరపాలక సంస్థ సరిహద్దు దాటి లోపలికి వచ్చే సరుకు మీద ఆక్ట్రాయ్ వసూలు చేసేది. సరిహద్దు బయట దింపుకుని కావలసినప్పుడు కావలసినంత లోపలికి పంపితే పన్ను వాయిదా పడుతుంది. అలా మరమగ్గాల ఊరు దేశంలోకెల్లా పెద్ద గోదాముల ఊరైంది. ఆక్ట్రాయ్ 2017లో జీఎస్టీతోనే పోయినా భివండీ చెక్కుచెదరలేదు. నౌకాశ్రయం, నగరం, జాతీయ రహదారి మూడూ అందుబాటులో ఉన్న చోటు పన్ను పోయినంత మాత్రాన ఎక్కడికి పోతుంది!

రాష్ట్రాల సరిహద్దుల్లో ఆ రోజుల్లో లారీలు బారులు తీరేవి. తడ దగ్గరి భీమునివారిపాలెం, ఇచ్ఛాపురం దగ్గరి పురుషోత్తపురం పేర్లు వింటే పాత డ్రైవర్లకు ఇప్పటికీ నిట్టూర్పే వస్తుంది. జీఎస్టీ వచ్చాక వాణిజ్య పన్నుల తనిఖీ కేంద్రాలు లేచిపోయాయి. వాటి స్థానంలో 2018 ఏప్రిల్ 1 నుంచి అంతర్రాష్ట్ర రవాణాకు ఈ-వే బిల్లు వచ్చింది. సరుకు విలువ 50,000 రూపాయలు దాటితే అది తప్పనిసరి. 2021 ఫిబ్రవరి నుంచి టోల్ గేట్ల దగ్గర ఫాస్టాగ్ కూడా తప్పనిసరైంది. రవాణాశాఖ చెక్‌పోస్టులు మరికొంతకాలం నిలిచాయి. తెలంగాణ వాటిని 2025లో మూసేసింది.

ఈ-వే బిల్లులో ఒక చిన్న నిబంధన గమనించదగ్గది. మొదట్లో రోజుకు 100 కిలోమీటర్ల చొప్పున బిల్లుకు గడువిచ్చారు. 2021 జనవరి 1 నుంచి దాన్ని 200 చేశారు. రోడ్లు బాగుపడ్డాయి కాబట్టి లారీ రోజుకు అంత దూరం పోగలదని ప్రభుత్వం లెక్క. పోగలదు కూడా. దారిలో టైరు పేలినా, గోదాము గేటు దగ్గర ఆదివారం సెలవని ఆపేసినా, గడువు ముగిసే వేళకు అటూ ఇటూ ఎనిమిది గంటల లోపలే పొడిగింపు అడగాలి. ఆ పని బిల్లు పుట్టించిన గుమాస్తాదో, ట్రాన్స్‌పోర్టు ఆఫీసుదో. మరిచిపోతే దారిలో పట్టుబడేది లారీ.

పదమూడు శాతమా, ఎనిమిది శాతమా

స్థూల దేశీయోత్పత్తిలో 13, 14 శాతం లాజిస్టిక్స్‌కే, అంటే సరుకు రవాణా, నిల్వలకే పోతోందని, సంపన్న దేశాల్లో ఇది 8 శాతమేనని దాదాపు రెండు దశాబ్దాల పాటు ప్రతి సభలోనూ వినబడింది. 2017లో లాజిస్టిక్స్‌కు మౌలిక రంగ హోదా ఇచ్చినప్పుడూ, 2021 అక్టోబరులో పీఎం గతిశక్తి మొదలైనప్పుడూ, 2022 సెప్టెంబరు 17న జాతీయ లాజిస్టిక్స్ విధానం ప్రకటించినప్పుడూ ఈ అంకే ముందు నడిచింది. తీరా జాతీయ అనువర్తిత ఆర్థిక పరిశోధన మండలి లెక్క కట్టి చూస్తే, 2021-22కు 7.8 నుంచి 8.9 శాతం మధ్య అని 2023లో తేలింది. మరింత వివరంగా చేసిన 2025 నాటి లెక్కలో 2023-24కు 7.97 శాతం వచ్చింది. అంటే చేరాలనుకున్న గమ్యం దగ్గరే దేశం ముందునుంచీ ఉందన్నమాట.

దీన్ని విజయంగా చదవడం తొందరపాటు. ఖర్చు తక్కువగా తేలడానికి కిరాయిలు చవకగా ఉండటం కూడా ఒక కారణం. డ్రైవరు రోజుకు పద్నాలుగు, పదహారు గంటలు స్టీరింగు ముందుంటే, గేటు ముందు ఆగిన రెండు రోజులకు ఎవరూ పైసా ఇవ్వకపోతే, ఆ మొత్తం ఏ బిల్లులోనూ కనబడదు. కనబడనిది శాతంలోకి ఎక్కదు. ప్రపంచ బ్యాంకు లాజిస్టిక్స్ సూచీలో భారత్ 2018లో 44వ స్థానంలో ఉండి 2023లో 38కి చేరింది. అది కూడా ఎక్కువగా రేవుల పనితీరుకు, అంతర్జాతీయ సరుకుకు సంబంధించిన కొలత.

రైలు ఎందుకు వెనకబడింది

రైళ్లు మోసే సరుకు తగ్గలేదు. 2024-25లో భారతీయ రైల్వే దాదాపు 161.7 కోట్ల టన్నులు ఎత్తింది. సరుకు మొత్తం అంతకంటే వేగంగా పెరిగింది, ఆ పెరిగినదాన్ని లారీ తన్నుకుపోయింది. కారణాల్లో మొదటిది రైల్వే అమ్మకం పద్ధతే. ఒకప్పుడు చిన్న వ్యాపారి ఒక వ్యాగన్ బుక్ చేసుకోగలిగేవాడు. క్రమంగా రైల్వే మొత్తం రేకు, అంటే యాభైకి పైగా వ్యాగన్ల బండి నిండా సరుకున్నవాడినే ఇష్టపడటం మొదలుపెట్టింది. బొగ్గు, ఇనుప ఖనిజం, సిమెంటు, ఎరువులు, ధాన్యం మిగిలాయి. ఫ్యాన్లు, మందులు, బట్టలు రోడ్డెక్కాయి. ఇవాళ రైల్వే ఎత్తే సరుకులో బరువు లెక్కన సగం బొగ్గే.

రెండోది పట్టాల మీద పోటీ. ప్యాసింజరు బండికి, ఎక్స్‌ప్రెస్‌కు దారి ఇచ్చి గూడ్సు లూపులైన్లో కూర్చుంటుంది. సగటు వేగం గంటకు పాతిక కిలోమీటర్ల దరిదాపుల్లోనే ఏళ్ల తరబడి ఉంది. ఇంకో విడ్డూరం, ప్రయాణికుల టికెట్ల మీద వచ్చే నష్టాన్ని గూడ్సు ఛార్జీల నుంచే పూడుస్తారు. దారి ఇచ్చేదీ గూడ్సే, డబ్బు ఇచ్చేదీ గూడ్సే. 2022 వేసవిలో ఒక్కసారి లెక్క మారింది. విద్యుత్ కేంద్రాల్లో బొగ్గు అడుగంటడంతో బొగ్గు రేకుల కోసం వందల కొద్దీ ప్రయాణికుల రైళ్లను రద్దు చేశారు.

ఈ ముడి విప్పడానికే సరుకుకు ప్రత్యేక కారిడార్లు. 2006లో దీనికోసం ఒక సంస్థను పెట్టారు. లూధియానా నుంచి బిహార్‌లోని సోన్‌నగర్‌కు 1,337 కిలోమీటర్ల తూర్పు కారిడార్, దాద్రీ నుంచి ముంబయి పక్కన జవహర్‌లాల్ నెహ్రూ రేవుకు 1,506 కిలోమీటర్ల పశ్చిమ కారిడార్. భూసేకరణతో పనులు ఏళ్లకేళ్లు సాగాయి. పశ్చిమ కారిడార్లో కరెంటు తీగల కింద రెండంతస్తుల కంటెయినర్లు నడుస్తాయి, దానికోసం తీగలను మామూలు కంటే బాగా ఎత్తున కట్టారు. ఖరగ్‌పూర్ నుంచి విజయవాడకు తూర్పు తీర కారిడార్, ఇటార్సీ నుంచి విజయవాడకు మరొకటి చాలాకాలంగా ప్రతిపాదనల్లో నలుగుతున్నాయి. 2030 కల్లా రైలు వాటాను 45 శాతానికి తేవాలని జాతీయ రైలు ప్రణాళిక అంటోంది. బొగ్గు వాడకం తగ్గే రోజులు కూడా అదే దారిలో ఎదురొస్తున్నాయి, ఆ ఖాళీని పెట్టె సరుకు నింపుతుందా అన్నదే అసలు పరీక్ష.

పాడయ్యే సరుకుకు రైలు ప్రయత్నాలూ జరిగాయి. 2020 మార్చిలో లాక్‌డౌన్ వేళ రేణిగుంట నుంచి ఢిల్లీకి పాల ట్యాంకర్లతో దూద్ దురంతో రైలు మొదలైంది. అదే ఏడాది సెప్టెంబరు 9న అనంతపురం నుంచి ఢిల్లీకి పండ్లతో కిసాన్ రైలు వెళ్లింది, దక్షిణాదిలో అదే మొదటిది. ఛార్జీలో రాయితీ ఉన్నంతకాలం కిసాన్ రైళ్లు ఊపుగా నడిచాయి, తర్వాత పలచబడ్డాయి.

నీటి దారి

గోదావరి, కృష్ణా డెల్టాల్లో ఒకప్పుడు ధాన్యం, ఉప్పు, కలప పడవల్లోనే నడిచేవి. ఆర్థర్ కాటన్ ఆనకట్టలతో పాటు లాకులున్న కాలువలు తవ్వించడమే కాక, రైళ్ల కంటే పడవ కాలువలే ఈ దేశానికి మేలని పట్టుబట్టి వాదించాడు. రెండు నదుల కాలువలూ ఏలూరులో కలుస్తాయి. దక్షిణాన బకింగ్‌హాం కాలువ మద్రాసు దాకా తీసుకుపోయేది. ఈ మార్గాన్నే కాకినాడ-పుదుచ్చేరి నాలుగో జాతీయ జలమార్గంగా 2008లో ప్రకటించారు. 2017లో ముక్త్యాల, విజయవాడల మధ్య పనులు మొదలుపెట్టారు. ప్రకటించినంత సులువుగా పడవలు రాలేదు. 2016 చట్టం ఏకంగా 111 జలమార్గాలకు జాతీయ హోదా ఇచ్చింది, సరుకు నిజంగా నడిచేది వాటిలో కొద్దిటి మీదే.

విదేశీ వ్యాపారం బరువు లెక్కన 95 శాతం సముద్రం మీదే సాగుతుంది. 1933లో తెరుచుకున్న విశాఖపట్నం రేవు నుంచి 2008 నాటి కృష్ణపట్నం దాకా, ఇప్పుడు కడుతున్న రామాయపట్నం, మచిలీపట్నం, మూలపేట దాకా ఆంధ్ర తీరంలో రేవులకు కొదవలేదు. లోటల్లా పెద్ద ఓడల దగ్గరే. మనకు వచ్చే, మన నుంచి పోయే కంటెయినర్లలో ఓడ మారవలసినవి ఎక్కువగా కొలంబోలోనో సింగపూర్‌లోనో మారుతూ వచ్చాయి. 2025 మేలో జాతికి అంకితమైన కేరళలోని విళింజం రేవు ఆ పనిని ఇంటికి తెచ్చుకునే ప్రయత్నం. 2023 చివర్లో ఎర్ర సముద్రంలో ఓడల మీద దాడులు మొదలై నౌకలు ఆఫ్రికా చుట్టూ తిరగవలసి వచ్చినప్పుడు, యూరప్ వెళ్లే సరుకు ఓడకిరాయి, ప్రయాణకాలం రెండూ పెరిగాయి.

గిడ్డంగి: ఆగడమే వ్యాపారం

రవాణాలో ఆగడం నష్టమైతే గిడ్డంగిలో ఆగడమే సరుకు. పంట చేతికొచ్చిన రోజునే అయినకాడికి అమ్ముకోనక్కర లేకుండా, దాచి, ఆ రసీదు మీద అప్పు తెచ్చుకునే వీలు రైతుకు ఉండాలని 1954 నాటి అఖిల భారత గ్రామీణ పరపతి సర్వే సంఘం చెప్పింది. దాని ఫలితమే 1957లో కేంద్ర గిడ్డంగుల సంస్థ, మరుసటి ఏడాది ఆంధ్రప్రదేశ్ రాష్ట్ర గిడ్డంగుల సంస్థ. 1965లో వచ్చిన భారత ఆహార సంస్థ ఈ గిడ్డంగులకు అన్నిటికంటే పెద్ద బాడుగదారైంది. దాంతో రైతు కోసం పుట్టినవి ప్రభుత్వ ధాన్యానికి అద్దె ఇళ్లయ్యాయి. కొనుగోలు పెరిగిన ఏళ్లలో చోటు చాలక బస్తాలు ఆరుబయట టార్పాలిన్ల కింద ఉండేవి. రసీదును బ్యాంకు నమ్మేలా చేయడానికి 2007లో చట్టం, 2010లో దానికొక నియంత్రణ సంస్థ, 2017లో ఎలక్ట్రానిక్ రసీదు వచ్చాయి. సహకార సంఘాల స్థాయిలో 700 లక్షల టన్నుల నిల్వ కట్టాలన్న 2023 నాటి పథకం ఆ పాత ఆశకే కొత్త రూపు.

శీతల గిడ్డంగులు దేశంలో 8,000కు పైగా ఉన్నాయి. ఉత్తరప్రదేశ్, పశ్చిమ బెంగాల్, గుజరాత్‌లవి ముందువరస, అక్కడ దాచేది ముఖ్యంగా బంగాళాదుంప. గుంటూరుది వేరే తీరు. ఆసియాలోనే పెద్దదని అక్కడివాళ్లు చెప్పుకునే మిర్చి యార్డు చుట్టూ వంద పైచిలుకు శీతల గిడ్డంగులున్నాయి. జనవరి నుంచి ఏప్రిల్ దాకా కోత, మే నెలలో యార్డుకు సెలవులు. ధర నచ్చని రైతు టిక్కీలను, అంటే మిర్చి బస్తాలను, ఏసీలో పెడతాడు. గుంటూరులో ఏసీ అంటే శీతల గిడ్డంగే. రంగు చెడదు, ఘాటు పోదు, ధర మాత్రం పెరుగుతుందన్న హామీ లేదు. అద్దె, దింపుడు కూలి, గిడ్డంగి ఇచ్చే బాండు మీద తెచ్చిన అప్పుకు వడ్డీ నెలనెలా సరుకు విలువలోంచి తరుగుతుంటాయి. 2025 మొదట్లో ధర పడిపోయినప్పుడు కేంద్రం మార్కెట్ జోక్యం కింద క్వింటాలుకు 11,781 రూపాయలు నిర్ణయించింది. పాత నిల్వలు గదుల్లో ఉండగానే కొత్త కాయ వచ్చి పడితే రైతు తన పాత కాయతోనే తాను పోటీ పడవలసి వస్తుంది. దాచుకునే శక్తి రైతుకు మేలే, ఎప్పుడు తీయాలో తెలిసే సమాచారం వ్యాపారి దగ్గరే ఉండటమే చిక్కు. కొల్లేరు వైపు చేపల సంగతి ఇంకోలా ఉంది. కైకలూరు, ఆకివీడుల నుంచి బెంగాల్‌కూ అస్సాంకూ పోయే చేపకు శీతల లారీ అక్కర్లేదు. ప్లాస్టిక్ ట్రేల్లో ఐసు నింపి మామూలు లారీలోనే పంపుతారు. డ్రైవరు వేగమే అక్కడ శీతలీకరణ యంత్రం.

జీఎస్టీ తర్వాతి గోదాము వేరే జాతి. పది, పన్నెండు మీటర్ల ఎత్తు, సమతలమైన కాంక్రీటు నేల, లారీ వెనక్కి ఆనించే డాకులు, మంటలార్పే నీటి గొట్టాలు. రాష్ట్రానికొకటి బదులు దక్షిణాది మొత్తానికి ఒకటో రెండో చాలు. హైదరాబాదులో మేడ్చల్, శంషాబాద్, కొత్తూరు, పటాన్‌చెరు దారుల్లో ఇవి లేచాయి. 158 కిలోమీటర్ల బాహ్య వలయ రహదారి లేకపోతే ఇంత వేగంగా లేచేవి కావు. బాటసింగారం లాజిస్టిక్స్ పార్కుకు మాత్రం అనుకోని అతిథి వచ్చింది. గడ్డిఅన్నారం పండ్ల మార్కెట్ స్థలం ఆసుపత్రికి పోవడంతో మామిడి, బత్తాయి వ్యాపారం అక్కడికి చేరింది.

ఊరి బయట ఇవి పెరిగినా ఊరి నడుమ పాత గోదాములు పోలేదు. 2022 మార్చిలో సికింద్రాబాద్ బోయిగూడలో తుక్కు గోదాము మంటల్లో, పైన పడుకున్న బిహార్ కూలీలు 11 మంది చనిపోయారు. 2023 నవంబరులో నాంపల్లి బజార్‌ఘాట్‌లో ఇళ్ల కింద దాచిన రసాయనాల డ్రమ్ములు అంటుకుని 9 మంది పోయారు. పది నిమిషాల్లో సరుకు ఇంటికి చేర్చే కంపెనీల వల్ల ఇప్పుడు మళ్లీ కాలనీ సందుల్లోకే చిన్న గోదాములు వస్తున్నాయి.

లారీ లెక్క

విజయవాడ ఆటోనగర్ 1960ల నుంచి లారీ బాడీలు కట్టే, మరమ్మతు చేసే ఊరుగా పేరుపడింది. నవత ట్రాన్స్‌పోర్ట్ 1982లో పుట్టింది కూడా విజయవాడలోనే. అక్కడ ఏ యజమానిని కదిపినా చెప్పే లెక్క ఇదే: కిరాయిలో సగం డీజిలు, తర్వాత టోలు, టైర్లు, డ్రైవరు బత్తా, బీమా, కిస్తీ. డీజిలు ధర మీద నియంత్రణ 2014 అక్టోబరులో ఎత్తేశారు. ధర పెరిగిన రోజునే బంకు తీసుకుంటుంది, కిరాయి మాత్రం నెలల తర్వాతగానీ కదలదు. లోడు కంపెనీ నుంచి ట్రాన్స్‌పోర్టు ఆఫీసుకు, అక్కడి నుంచి బ్రోకరుకు, చివరికి బండికి చేరేలోగా ప్రతి చేతా కొంత తగ్గుతుంది. డీజిలుకు అడ్వాన్సు ఇస్తారు, మిగతాది సరుకు ముట్టిందన్న సంతకం తిరిగొచ్చాక ఇస్తారు. గోదాము ముందు ఆగిన రోజులకు హాల్టింగ్ ఇవ్వాలని ఒప్పందాల్లో ఉంటుంది, అడిగినవాడికి తర్వాతి లోడు దొరకదేమోనన్న భయమూ ఉంటుంది.

2018 జూలైలో కేంద్రం ఇరుసు బరువు పరిమితి పెంచింది. పది టైర్ల లారీ మొత్తం బరువు 25 నుంచి 28.5 టన్నులకు చేరింది. అధిక లోడుకు మామూళ్లిచ్చే బాధ కొంత తప్పింది, నిజమే. కానీ ఒక్క కలం పోటుతో దేశంలోని లారీల సామర్థ్యం పెరిగింది, మోయవలసిన సరుకు పెరగలేదు. కిరాయిలు పడ్డాయి, మరుసటి ఏడాది లారీల అమ్మకాలు కుప్పకూలాయి. సంస్కరణ లాభం సరుకు పంపేవాడికి చేరింది. అంతకుముందే రాష్ట్ర విభజనతో మరో పోటు పడింది: నిన్నటిదాకా సొంత రాష్ట్రంలో తిరిగిన బండికి కృష్ణ దాటితే వేరే పర్మిట్ కావలసి వచ్చింది. రెండు రాష్ట్రాలకూ కలిపి ఒకే పర్మిట్ కావాలని యజమానుల సంఘాలు అప్పటినుంచీ అడుగుతూ వచ్చాయి.

డ్రైవర్ల కొరత గురించి కంపెనీలు వాపోతుంటాయి. దాని మూలం క్లీనరు కనుమరుగు కావడంలో ఉంది. ఒకప్పుడు ప్రతి లారీలో ఒక కుర్రాడు ఉండేవాడు, టైరు మార్చి, అద్దం తుడిచి, ఖాళీ రోడ్డు మీద స్టీరింగు పట్టి, కొన్నేళ్లకు డ్రైవరయ్యేవాడు. మిగులు తగ్గిన యజమాని మొదట తీసేసింది ఆ కుర్రాడినే. రాత్రిళ్లు డ్రైవరు ఒంటరివాడయ్యాడు, కొత్త డ్రైవర్లు తయారయ్యే బడి మూతపడింది. 2024 జనవరి మొదటి రెండు రోజుల్లో, ప్రమాదం చేసి చెప్పకుండా పారిపోతే పదేళ్ల దాకా శిక్ష అన్న భారతీయ న్యాయ సంహిత నిబంధన మీద డ్రైవర్లు బండ్లు ఆపేశారు. హైదరాబాదు బంకుల దగ్గర కిలోమీటర్ల క్యూలు కనబడ్డాయి. ప్రభుత్వం చర్చలకు దిగింది. ఆ ఏడాది జూలై 1న సంహిత అమల్లోకి వచ్చినా ఆ ఒక్క ఉపసెక్షన్‌ను పక్కన పెట్టారు.

సరుకు ఎత్తి దించే హమాలీకి అంత బలం ఎప్పుడూ దక్కలేదు. మహారాష్ట్ర 1969లోనే మాథాడీ చట్టంతో బోర్డులు పెట్టి కూలి, భవిష్యనిధి చూసింది. తెలుగు నేలలో ముఠా మేస్త్రి, బస్తాకింత అన్న రేటు, రెండేళ్లకోసారి రేటు కోసం సమ్మె, ఇదే వ్యవస్థ. పెద్ద గోదాముల్లో ఫోర్క్‌లిఫ్టులు వచ్చాయి, కానీ ధాన్యం, మిర్చి, సిమెంటు ఇంకా వీపు మీదే ఎక్కుతున్నాయి. సరుకును ఇంటి గుమ్మం దాకా చేర్చేవాళ్ల విషయానికొస్తే, 2025 నవంబరు 21న అమల్లోకొచ్చిన కార్మిక సంహితలు యాప్ ద్వారా పనిచేసే డెలివరీ కార్మికులను గుర్తించి, కంపెనీల టర్నోవరులో 1 నుంచి 2 శాతం వారి సామాజిక భద్రతకు ఇవ్వాలన్నాయి.

డ్రైవరు క్యాబిన్‌లో ఏసీ ఉండాలన్న నిబంధన 2025 జూన్ 8 నుంచి తయారయ్యే మధ్య, భారీ లారీలకు వర్తిస్తుంది. అంతకుముందు రోడ్డెక్కిన బండ్లకు ఆ నిబంధన లేదు, పాత లారీ కొని నడుపుకునే చిన్న యజమానుల దగ్గరికి అది చేరేది ఆ కొత్త బండ్లు సెకండ్ హ్యాండ్ అయ్యాకే.